లివరు లేని కస్టమర్లు

జూలై 8, మంగళవారం

ఇవాళ ఏసీ హాలు మూడో టేబులు వాడు కక్కాడు. కక్కి, దాని మీద నాలుగు టిష్యూ పేపర్లు కప్పి, ఏమీ జరగనట్టు బిల్లు తెమ్మన్నాడు. రంపపు పొట్టు పోసి ఎత్తి, ఫినాయిలు కొట్టి ఇంటికొచ్చేసరికి చెల్లి మెర్సీ లాప్‌టాప్ ముందేసుకుని నవ్వుకుంటోంది.

"అన్నయ్యా, ఇది అచ్చం నీ ఉద్యోగమే, చూడు" అంది.

చూశాను. బార్ ఆట. బయట సన్నగా వాన, లోపల పసుప్పచ్చ లైటు, కౌంటరు మీద పిల్లి నిద్రపోతోంది. అందులో మనం బార్‌టెండరు. కస్టమర్లు ఒక్కొక్కరే వచ్చి స్టూలు మీద కూర్చుని తమ కష్టం చెప్పుకుంటారు. ఆ కష్టానికి తగ్గ మందు మనం కలిపి ఇవ్వాలి. తాగి, థాంక్స్ చెప్పి వెళ్లిపోతారు. గెలవడం, ఓడడం ఏమీ లేదట. మనసుకి హాయిగా ఉండడానికట.

మా బార్‌లో పిల్లి కౌంటరెక్కితే గోపీచంద్ సోడా సీసా విసురుతాడు. గోపీచంద్ మా మేనేజరు. నన్ను చూసేదీ దాదాపు ఆ చూపే. పైగా ఆ ఆటలో బాత్రూము లేదు. వెతికాను. అంతమంది అన్నేసి గ్లాసులు తాగుతారు, ఒక్కడికీ బాత్రూము అక్కర్లేదు.

"దీన్ని తయారుచేసినవాడు ఎప్పుడైనా బార్ తుడిచాడా?" అన్నాను.

"కాస్త బుర్ర చల్లబడుతుందని చూపించాను. దానికీ చిరాకేనా?" అని లాప్‌టాప్ మూసేసింది.

జూలై 10, గురువారం

ఫోనులో కూడా వస్తుందట. ఎంత తప్పుగా తీశారో చూద్దామని వేసుకున్నాను. అంతకుమించి ఏమీ లేదు.

జూలై 16, బుధవారం

మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక సాయంత్రం దాకా బార్‌లో ఈగలు తప్ప ఎవరూ ఉండరు. స్టోరు రూములో బీరు కేసుల మీద కూర్చుని ఆ వెధవ ఆట ఆడాను.

హోటల్ మేనేజ్‌మెంట్ చదివినవాణ్ణి. హైదరాబాదులో నల్ల కోటేసుకుని, నాకొక కౌంటరుండి, నిమ్మతొక్క కూడా ఒక తీరులో చెక్కినవాణ్ణి. నాన్న పోయాక అమ్మని ఒంటరిగా వదల్లేక వచ్చేశాను. తాడేపల్లిగూడెంలో బార్‌టెండరు అనే మాటే లేదు. సప్లయరు. ఇక్కడ కలిపేదేముంది? క్వార్టరు సీలు విప్పడం, సోడా కొట్టడం, కోడిగుడ్డు పొరటు తేవడం. ఒరే, ఎయ్, ఇటు రా. ఇవీ నా పేర్లు.

ఆటలో ఇవాళ ఒక నక్క వచ్చింది. కళ్లజోడు పెట్టుకున్న దర్జీ నక్క. పెళ్లాం పోయిన దగ్గర్నుంచీ సూది ముట్టుకోలేదట. అలాంటప్పుడు ఆట మనకి రెండు దారులిస్తుంది: ఏమైందని అడగొచ్చు, లేదా ఊరికే వినొచ్చు. నేను వినే దారి నొక్కాను. నక్క గ్లాసులోకి చూస్తూ అంతా చెప్పేసింది. చిన్న గంట మోగింది. "నీ దగ్గర కూర్చుంటే తేలిగ్గా ఉంటుంది" అంది నక్క.

నా కళ్లు చెమర్చాయి. ఇరవై ఎనిమిదేళ్లొచ్చిన మగవాణ్ణి, బీరు కేసుల మీద కూర్చుని, బొమ్మనక్క మాటకి. థూ.

జూలై 17, గురువారం

మళ్లీ ఆడాను. తిట్టుకుంటూనే.

జూలై 22, మంగళవారం

సుబ్బరాజు గారని ఒకాయన వస్తుంటారు. నిడమర్రు అవతల చేపల చెరువులు. యాభై దాటిన మనిషి. తెల్ల చొక్కా, వేళ్లకి మేత వాసన. ఎప్పుడైనా మేత లోడు పని మీద గూడెం వస్తే, మధ్యాహ్నం ఫ్యాను హాల్లో మూల టేబులు దగ్గర కూర్చుని, ఒక క్వార్టరు తాగి, గ్లాసు బోర్లించి వెళ్లిపోతారు. ఆ బార్‌లో నన్ను మీరు అన్న మనిషి ఆయనొక్కడే. రాజుగారు, నన్ను, మీరు అని. మొదటిసారి విన్నప్పుడు నా వెనకాల ఎవరైనా ఉన్నారేమోనని చూశాను.

ఇవాళ గ్లాసు పట్టుకుని గోడకేసి చూస్తున్నారు. గోపీచంద్ భోజనానికి వెళ్లాడు. నాకు నక్క గుర్తొచ్చింది. సోడా పోసి, "ఏవండీ, అలా ఉన్నారేంటండీ ఇవాళ?" అన్నాను. ఇంక నోరెత్తలేదు.

ఆయనే అన్నారు. "ఇవాళ మా తమ్ముడు పోయిన రోజండి."

ఆ వేళ ముసురు పట్టి, చెరువులో గాలి తగ్గిపోయి, చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయట. ఆయన పెళ్లికని ఉండిలో ఉన్నారు. తమ్ముడు రంగరాజుకి ఫోను చేసి, నీళ్లు చిలికి గాలి ఆడించే ఫ్యాన్లు వెయ్యరా అన్నారు. వాన కాస్త తెరిపివ్వనీ అన్నయ్యా, కరెంటు వైరు నీళ్లలో నానుతోంది అన్నాడట వాడు.

"చేపలు చచ్చాక వేస్తావట్రా అని తిట్టానండి. నలుగురిలో నిలబడి, గట్టిగా తిట్టాను. నేను తిట్టబట్టే దిగాడండి వాడు నీళ్లలోకి."

ఇంకో సోడా తెచ్చి పెట్టాను. ఆయన కళ్లు తుడుచుకుని ఇంకో క్వార్టరు చెప్పారు. వెళ్లేటప్పుడు, "ఇంట్లో కూడా ఈ మాట చెప్పలేదండి జాషువా గారూ. మీ దగ్గర చెబితే తేలిగ్గా ఉంది" అన్నారు.

గారు! అక్కడ గంటేమీ లేదు గానీ, నాకు వినబడింది.

జూలై 24, గురువారం

వచ్చారు.

జూలై 25, శుక్రవారం

వచ్చారు.

జూలై 28, సోమవారం

రోజూ వస్తున్నారు. మేత లోడూ లేదు, ఏమీ లేదు. నిడమర్రు నుంచి బండేసుకుని నా కోసం వస్తున్నారు. "ఏంట్రా, రాజుగారు నిన్ను దత్తత తీసుకున్నారా?" అన్నాడు గోపీచంద్. కుళ్లు.

ఈ ఉద్యోగంలో చేరాక మొదటిసారి పొద్దున్న లేస్తే వెళ్లాలనిపిస్తోంది. మిగతా హాలంతా ఎప్పటి కంపే. ఒకడు పల్లీ తొక్కలు నేలమీద ఊస్తాడు, ఒకడు వాష్ బేసిన్‌లో ఉచ్చ పోస్తాడు. ఆ మూల టేబులొక్కటే వేరు. అక్కడ నేను సప్లయర్ని కాదు.

ఆయన గ్లాసులో సోడా ఎక్కువ పోసి మందు తగ్గిస్తున్నాను. నెమ్మదిగా మానిపించొచ్చు. మొత్తం మీద మాత్రం మునుపటికంటే ఎక్కువే అవుతోంది. ఎక్కువసేపు కూర్చుంటున్నారు కదా, అందుకని.

ఆగస్టు 3, ఆదివారం

మొదటి ఆదివారం, చర్చిలో ప్రభు సంస్కారం. బార్‌లో చేరినప్పుడే పాస్టరు అయ్యగారు పిలిచి, ఆ పని మానేదాకా ప్రభువు బల్లలో చెయ్యి వెయ్యొద్దని చెప్పారు. అందుకని రొట్టె, ద్రాక్షరసం మా వరస దగ్గరకి వచ్చినప్పుడు నేను పాటల పుస్తకంలో తల దూర్చేస్తాను. అమ్మ తీసుకుంటుంది, నా వంక చూడదు. పోసేవాడికి లేదు గానీ తాగేవాళ్లు మాత్రం వరసగా మోకరించారు. మూడో టేబులు వాడు అందరికంటే ముందున్నాడు.

భోజనాలయ్యాక ఎవరో తలుపు కొట్టారు. సన్నటి మనిషి, నేత చీర, చేతిలో రొయ్యల పచ్చడి సీసా.

"జాషువా డాక్టరు గారిల్లు ఇదేనాండీ?"

నేను తెల్లబోయాను.

"సుబ్బరాజు గారి ఇంటావిడనండి, లక్ష్మీప్రసన్న. మీ దగ్గర కౌన్సిలింగుకి వస్తున్నానని చెప్పారండి. కొద్దికొద్దిగా తగ్గించి మానిపిస్తారంట కదండీ. ఒకసారి దణ్ణం పెట్టుకుని వెళ్దామని వచ్చాను."

చెబుదామనే నోరు తెరిచాను. ఈలోగా అమ్మ వచ్చేసింది. "డాక్టరు గారి అమ్మగారాండీ? అదృష్టవంతులండి" అంది ఆవిడ. మా అమ్మ రాజకుమారి ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైంది. డాక్టర్ల అమ్మలు కార్లు దిగుతుంటే తలుపు తీసి పట్టుకున్న మనిషి. పైట సర్దుకుని, "కూర్చోండమ్మా" అని లోపలికెళ్లి, ఎవరికీ తియ్యని పువ్వుల కప్పుల్లో కాఫీ తెచ్చింది.

"ఇల్లెలా కనుక్కున్నారండీ?" అన్నాను.

"అడిగితే చెప్పరాండీ? మిమ్మల్ని ఎరగనిదెవరు?" అంది. కాఫీ చివరిదాకా తాగి, కప్పు జాగ్రత్తగా పెట్టి, "అన్నం తినడం లేదండి. కాళ్లు నీరు పడుతున్నాయి. పెద్దాసుపత్రికి తీసుకెళ్తానంటే తిడుతున్నారు. మీరు చెబితే వింటారు. తీసుకెళ్లమంటారాండీ డాక్టరు గారూ?" అంది.

"ఇప్పుడే తొందరేం లేదండి. చూద్దాం" అన్నాను.

ఆ గొంతు ఎక్కడిదో నాకు తెలీదు. నిదానంగా, బరువుగా, అచ్చం డాక్టరు గొంతులాగే ఉంది. ఆవిడ నా ఫోను నంబరు తీసుకుని వెళ్లింది.

"చెప్పలేదేంరా ఆవిడకి?" అంది అమ్మ.

"నువ్వు చెప్పలేదేం?"

అమ్మ కప్పులు కడగడానికి వెళ్లిపోయింది. సాయంత్రం అన్నంలోకి ఆ పచ్చడే వేసుకున్నాం. చాలా బాగుంది. తింటున్నంతసేపూ నామీద నాకు రోత పుట్టింది, రెండోసారి కూడా వేసుకున్నాను.

రేపు ఆయన్ని కూర్చోబెట్టి గట్టిగా చెప్పాలి.

ఆగస్టు 4, సోమవారం

చెప్పలేదు. పార్టీ ఉంది, కుదర్లేదు.

ఆగస్టు 5, మంగళవారం

చెప్పలేదు.

ఆగస్టు 9, శనివారం

ఆటలో నక్క బాగుపడిపోయింది. మళ్లీ సూది పట్టి, నాకొక కోటు కుట్టి తెచ్చింది. ఇంక రోజూ రానవసరం లేదు, అప్పుడప్పుడు పలకరించడానికి వస్తానంది. పిల్లి ఒళ్లు విరుచుకుంది. పాట మారింది. అంతా తీపి. పంచదార పాకంలో పడి చచ్చిన ఈగని చూసినట్టు రోత పుట్టింది.

ఫోను జేబులో పెట్టుకుని బయటికొస్తే సుబ్బరాజు గారు. అదే ముసురు, అదే పెళ్లి, అదే ఫోను. చేపలు చచ్చాక వేస్తావట్రా. నాకు కంఠతా వచ్చేసింది, ఆయన ఎక్కడ ఆగి ముక్కు చీదుతారో కూడా తెలుసు. ఆటలో అయితే ఒకసారి చెబితే తేలికవుతారు. ఈయన రోజూ చెబుతున్నారు, రోజూ బరువెక్కుతున్నారు. కళ్లు పచ్చబడ్డాయి. చెప్పు పట్టడం లేదని మడమ బయటికి పెట్టి నడుస్తున్నారు.

ఇవాళ నాకు తట్టింది. ఆ ఆటలో ఎవరికీ లివరు లేదు. అందుకే అంత హాయి.

తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారని సామెత. నేను కల్లు పోస్తూ పాలంటున్నాను, అందరూ అవునంటున్నారు. ఇంతా తెలిసి ఏం చేశాను? "చెప్పండి రాజుగారూ, తర్వాత ఏమైంది?" అన్నాను. ఆయన మొహం వెలిగింది. ఇంకో క్వార్టరు చెప్పారు.

ఆగస్టు 15, శుక్రవారం

జెండా పండగ, బార్లు బంద్. ఇంట్లో పడుకుని ఆట ఆడుకుంటుంటే ఫోను.

"డాక్టరు గారూ, ఇవాళ మీ దగ్గర సెలవంట కదండీ. పొద్దుట్నుంచీ ఈయన వణికిపోతున్నారండి. గోడ మీద ఏవో పాకుతున్నాయంటున్నారు. ఏలూరు ఆసుపత్రికి బయల్దేరమంటారా? కారు కూడా చెప్పి ఉంచాను. ఈయనేమో జాషువా గారు చెబితేనే వస్తానంటున్నారు. మీరొక్క మాట చెప్పండి, ఫోను ఆయన చెవి దగ్గర పెడతాను."

ఒక్క మాట. వెళ్లండి అంటే చాలు.

"వద్దండి, నేనొస్తున్నాను" అన్నాను.

ఆసుపత్రివాళ్లకేం తెలుసు ఆయన సంగతి? రంగరాజు సంగతి వాళ్లకి తెలుసా? సూది పొడిచి మంచానికి కట్టేస్తారు. ఆయనకి కావలసింది తెలిసిన మనిషి. దారిపొడుగునా ఇవే అనుకున్నాను. నిన్న బార్ కట్టేసే ముందు ఒక క్వార్టరు సంచీలో ఎందుకు వేసుకున్నానో మాత్రం అనుకోలేదు, ఇక్కడా రాయను.

వాళ్లిల్లు చెరువుగట్టు పక్కనే. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, నీళ్లు నురగలు కక్కుతున్నాయి. ముందు గదిలో రంగరాజు ఫోటో, దండ. ఫోటోలో నాకంటే చిన్నవాడు. ఆయన మంచం మీద ముడుచుకుని ఉన్నారు. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. నన్ను చూసి చేతులు చాపారు.

సంచీలోంచి సీసా తీశాను. ఆవిడ దాన్ని చూసింది. కాసేపు చూసింది. తర్వాత, "గ్లాసు కావాలాండీ?" అని అడిగింది. తనే తెచ్చిచ్చింది. స్టీలు గ్లాసు, శుభ్రంగా కడిగింది.

మందులాగే కొలిచి పోశాను. కొంచెంసేపటికి వణుకు తగ్గింది. "చూశావా ప్రసన్నా, ఆయన చేతి చలవ!" అన్నారు సుబ్బరాజు గారు. తర్వాత ముసురు సంగతి మొదలుపెట్టారు. విన్నాను. ఆవిడ గుమ్మంలో నిలబడి చెరువు వైపే చూస్తోంది.

వచ్చేటప్పుడు "వెళ్లిరండి" అంది, అంతే. డాక్టరు గారూ అనలేదు. హడావుడిలో మర్చిపోయి ఉంటుంది.

ఆగస్టు 16, శనివారం

ఆట తీసేశాను.

ఆగస్టు 17, ఆదివారం

మళ్లీ వేసుకున్నాను. నక్క నన్ను గుర్తుపట్టలేదు. అన్నీ మొదటి నుంచి చెప్పుకొచ్చింది, దానికీ ఇదే జబ్బు.

ఆగస్టు 25, సోమవారం

వచ్చి కూర్చున్నారు. నేను సోడా తెచ్చేలోపు టేబులు పట్టుకుని వంగారు. ఇన్నేళ్లలో అన్ని రంగుల వాంతులూ ఎత్తాను. ఇది నల్లగా, తడిసిన కాఫీపొడిలా వచ్చింది. తర్వాత ఎర్రగా.

గోపీచంద్ పరిగెత్తుకొచ్చి, "బయటికి లాగండ్రా, బయటికి! లోపల పోతే కేసవుతుంది!" అని అరిచాడు. అందరి చేతుల్లోనూ గ్లాసులున్నాయి. ఒకడు తన ప్లేటు పక్కకి జరుపుకుని తింటూనే ఉన్నాడు.

భుజాన వేసుకుని ఆటో ఎక్కించాను. నా చొక్కా నిండా అదే. ఆటోలో నా చెయ్యి పట్టుకుని, "జాషువా గారూ, ఆ వేళ ముసురు..." అన్నారు.

"నోరు ముయ్యండి" అన్నాను.

గూడెం ఆసుపత్రిలో చూసి ఏలూరు పంపించేశారు. నేను ఫోను చేస్తే ఆవిడ కారులో ఎదురొచ్చి ఎక్కించుకుంది. నన్ను ఎక్కమనలేదు. నేను తిరిగి బార్‌కి వచ్చి ఆ మూల టేబులు కడిగాను.

ఆగస్టు 28, గురువారం

సెలవు పెట్టి ఏలూరు వెళ్లాను. అమ్మ పచ్చడి సీసా కడిగి, ఖాళీగా ఇవ్వకూడదని కారప్పూస పోసి ఇచ్చింది. ఆవిడకి నిజం చెప్పేయాలని అనుకున్నాను, రైల్లో నా సీటుకి ఎదురుగా ఎవరూ లేకపోతే పైకి అనుకుని కూడా చూసుకున్నాను. మిగతా దారంతా ఆట ఆడాను. అది కూడా రాయాలి కదా.

ఆయన నిద్రపోతున్నారు. పొట్ట ఉబ్బింది, చేతులు పుల్లలైపోయాయి. బతికారు. ఇంక చుక్క పడితే మాత్రం ఎవరూ ఏమీ చెయ్యలేరని చెప్పారట.

ఆవిడ నన్ను వరండాలోకి తీసుకొచ్చింది. కారప్పూస సీసా అందుకుంది. నేను గబగబా చెప్పేశాను. "ఏవండీ, నేను డాక్టర్ని కాదండి. బార్‌లో సప్లయర్ని."

"తెలుసండి" అంది.

గొంతు పెంచలేదు. పక్కన బెంచీ మీద కూర్చున్నవాళ్లకి మేం చుట్టాలం మాట్లాడుకుంటున్నామనే అనిపించి ఉంటుంది.

"బార్‌లో జాషువా గారిల్లు ఎక్కడండీ అని అడుగుతూనే కదండీ మీ ఇంటికొచ్చాను. రోజూ తాగొచ్చే మనిషి కౌన్సిలింగంటే నమ్ముతానాండీ నేను?"

"మరి... డాక్టరు గారూ అని..."

"తిడదామనే బయల్దేరానండి. దారిలో అనిపించింది, ఈ అబ్బాయిని రోజూ ఎంతమంది తిడతారో, నా తిట్టొక లెక్కా అని. డాక్టరు గారూ అని పిలిస్తే సిగ్గేసి మీరే పొయ్యడం మానేస్తారనుకున్నానండి. ఆసుపత్రి అని మీ నోటితో ఒక్కసారంటే ఆయన కదిలేవారు. అందుకే కదండీ జెండా పండగ నాడు మీకు ఫోను చేసింది. మీరేమో సీసా పట్టుకొచ్చారు."

ఆవిడ కారప్పూస సీసా మూత బిగించింది.

"లేస్తే మిమ్మల్నే అడుగుతున్నారండి" అంది ఆవిడ. "ఏమనుకోకండి, మీరింక రావద్దండి. కింద క్యాంటీన్లో టీ బాగుంటుంది, తాగి వెళ్లండి."

తాగాను. రైలెక్కాను. ఇంటికొచ్చి, ఎవరూ చదవని చోట రాసుకుంటున్నాను కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ఆవిడ లెక్క ఒక్కచోట తప్పింది. డాక్టరు గారూ అని పిలిచినప్పుడల్లా నాకు సిగ్గెయ్యలేదు, హాయిగా ఉండేది. ఇవాళ కూడా, వరండాలో నా మొహం మీదే అవన్నీ చెబుతుంటే, చివర్లో ఒక్కసారైనా ఆ మాట అంటుందేమోనని ఆవిడ నోటి వంకే చూస్తూ నిలబడ్డాను.